పదకొండో నంబరు సీసా

ఆఫీసులో అతన్ని ఊసరవెల్లి అనేవారు. ఒకే గేటు కాపలావాడి ముందు నుంచి ఏడాదిలో నాలుగు గడ్డాలతో నడిచిపోయిన ఘనుడు మరి.

"ఈ ఏటి ఫ్లూ టీకాకు మూలం పదకొండో నంబరు సీసా," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఎల్లుండి మూడింటికి దాన్ని దాటిస్తుంది. కోడ్‌వర్డ్ గొడుగు. ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేడంటారు. నువ్వు పట్టాలి."

టీకా వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారు. అందుకని గుడ్లను దీపానికి పట్టి చూసే పనివాడి వేషంలో ల్యాబ్‌లో చేరాడు. బొత్తంలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఊపిరితిత్తులు మొదటినుంచీ అంతంతమాత్రం.

"ఒళ్ళు కాలిపోతోందిరా. మీ బావ ఆస్పత్రికి పోదామంటున్నారు."

"మొదటి బ్యాచ్ టీకా నేనే దగ్గరుండి వేయించానుగా అక్కా. మామూలు జలుబే అయ్యుంటుంది. పడుకో, రేపు సాయంత్రం వస్తాను."

ఆ రేపు వచ్చింది. మూడుకి ఒక్క నిమిషం. ల్యాబ్ మొత్తం మెడలు తిప్పి చూసే నల్లకళ్ళజోడు డాక్టరమ్మ లిఫ్ట్ ఎక్కి, "గొడుగు తెస్తున్నా," అంది ఫోన్‌లో. మూసుకుంటున్న తలుపుల మధ్య ఊసరవెల్లి కాలు పెట్టాడు. లిప్‌స్టిక్ డబ్బీలో సీసా దొరికింది.

ఆమె పెనుగులాడలేదు.

"తీసుకోండి. పాత సరుకని మా వాళ్ళకింకా తెలీదు. పొద్దునే రిజల్ట్ వచ్చింది. ఇప్పుడు ఊరంతా తిరుగుతున్న వైరస్ ఇది కాదు."

"ఎవరు మార్చారు?"

"మన ఒళ్ళే. వైరస్‌లు కోట్లలో పుట్టేటప్పుడు కొన్ని కాస్త తేడాగా పుడతాయి. ఒంట్లో కాపలా గుర్తుపట్టినవి చస్తాయి. గుర్తుపట్టనిది బతికి పెరుగుతుంది. వేషం వేసుకొచ్చిన మీకు తెలియని విద్యా?"

"మరి టీకా వేయించుకున్నవాళ్ళు?"

"ఎంతో కొంత ఆపుతుంది. ఊపిరి బలం లేనివాళ్ళు మాత్రం జ్వరం రాగానే ఆస్పత్రికి పరుగెత్తాలి."

అతను అక్క నంబరు నొక్కాడు. ఫోన్ బావ ఎత్తాడు.

"ఐసీయూలో పెట్టారు. నీ మాట పట్టుకుని రాత్రంతా ఆగింది. నా మాట ఎప్పుడు విందిలే."

ఏ తలుపునైనా వేషంతో దాటే మనిషి, ఆ సాయంత్రం ఐసీయూ అద్దం ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల మిషన్ అక్క బదులు ఊపిరి తీస్తోంది. అతను చేయగలిగింది ఏమీ లేదు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. "శభాష్. శత్రువు పట్టుబడ్డాడని రాసి ఫైలు మూసేశాను."

పట్టుబడింది వైరస్ తీసి పారేసిన పాత గడ్డం.