కథ లేని రికార్డు

శనివారం పొద్దున్న ఒహాయోలోని తన ఇంట్లో రాఘవులు కాఫీ గ్లాసుతో రికార్డుల అల్మారా ముందు నిలబడి చూస్తే అది పళ్ళూడిన నోరులా కనిపించింది. యాభై ఏళ్ళుగా పోగేసిన ఎల్పీ రికార్డులు, ఒకప్పుడు వేలు దూరనంత బిగువుగా ఉండేవి. ఇప్పుడు ఎక్కడ చూసినా సందులే. ప్రతి సందుకీ ఒక మనిషి పేరుంది. షాంటిలీలో ఉంటున్న మేనల్లుడు అనూప్ రెండు పట్టుకెళ్ళి, ఒకదాన్ని హాల్లో గోడకి మేకు కొట్టి తగిలించాడు. పైగా "ఎలా ఉంది మావయ్యా?" అని ఫోటో పంపించాడు. వీధి చివర ఉండే లక్ష్మీప్రియ నాదస్వరం రికార్డుని పూలకుండీ కింద పెట్టింది, చెక్క నేల మీద తడి మరకలు పడకుండా.

తప్పు ఆయనదే. ఇంటికొచ్చినవాళ్ళు అల్మారా వైపు ఓరగా చూస్తే చాలు, ఆయన నాలుక దురద పెడుతుంది. ఒక రికార్డు తీసి, దీన్ని గూడూరు స్టేషన్లో కోతి ఎత్తుకుపోతే ఆరు అరటిపళ్ళకి బేరమాడి విడిపించుకున్నానంటాడు. ఇంకోటి చూపించి, కృష్ణా వరదల్లో దీన్ని నెత్తిన పెట్టుకుని ఈదాను, అందుకే ఈ గాయకుడికి రెండో పాట నుంచీ జలుబు చేసినట్టు వినిపిస్తుందంటాడు. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య ఎవరైనా "ఒకసారి ఇస్తారా అంకుల్?" అంటే కాదనడానికి నోరు రాదు.

తలుపు తోసుకుని శ్యామ్‌సుందర్ వచ్చాడు. పక్క వీధిలో ఉంటాడు, రిటైరైన పళ్ళ డాక్టరు, వరంగల్ మనిషి. చంకలో ఒక రికార్డు.

"నాలుగు నెలలైంది" అన్నాడు రాఘవులు, కూర్చోమనకుండానే.

"గందుకే తెచ్చిన. రోజూ అడుగుతనే ఉన్నవ్ గద."

రాఘవులు అట్టలోంచి రికార్డు బయటికి లాగాడు. లోపల ఉన్నది ఆ రికార్డు కాదు. ఉన్నదాని మీద పసుపుపచ్చగా అయిదు వేళ్ళ అచ్చు.

"ఇదేమిటి?"

"పులిహోర అనుకుంట. మొన్న మా ఇంట్ల పార్టీ అయింది."

"మరి నా రికార్డేదయ్యా?"

"ఈ అట్టల లేకపోతే ఇంకో అట్టల ఉంటది. ఏడికి పోతది?"

"పళ్ళు పీకేటప్పుడు కూడా ఇదే పద్ధతా? ఈ పన్ను కాకపోతే పక్క పన్ను, ఏదైనా ఆ నోట్లోదే కదా అని?"

"పంటికి ఎక్స్‌రే ఉంటది రాఘవులూ. నీ రికార్డుకి ఏముంది?" అంటూ శ్యామ్‌సుందర్ అల్మారా వైపు చెయ్యి చాచాడు. "గా కోతి రికార్డు ఉందా, ఒక్క రెండు రోజులు."

"కోతి రికార్డు ఇంకో కోతి పట్టుకెళ్ళింది. నువ్వు పద" అని రాఘవులు ఆయన్ని సాగనంపాడు.

వంటింట్లోంచి ఆయన భార్య ప్రసూన తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ వచ్చింది. పెళ్ళైన కొత్త నుంచీ ఆయన ఆమెని జ్ఞానప్రసూన అని పూర్తిగా పిలిచిన గుర్తు లేదు. గురువారమే ఆమె చెవులకి కొత్త మిషన్లు పెట్టించారు. ఏడేళ్ళుగా కొద్దికొద్దిగా మూసుకుపోయిన లోకం రెండు రోజులుగా ఆమెకి మళ్ళీ వినిపిస్తోంది. ఫ్రిజ్ మోత విని ఏమిటా చప్పుడని అడిగింది. తన మట్టెల చప్పుడు తనకే కొత్తగా ఉందంది.

"ఏవండీ, ఇవాళ ఆ వీణ రికార్డు పెట్టండి" అంది. "వెనకాల తంబూరా వినపడి ఎన్నేళ్ళయిందో. భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుంటాను."

రాఘవులు కాఫీ గ్లాసు అల్మారా మీద పెట్టాడు. "అలాగే. తుడిచి పెడతాను" అన్నాడు.

ఆ రికార్డు అల్మారాలో లేదు. జూన్ నుంచీ మనవరాలు నిధి దగ్గరుంది.

ఒహాయోలోనే, అరగంట దూరంలో డబ్లిన్‌లో ఉంటున్న కూతురు శ్రుతి బిడ్డ నిధి. కాలేజీ అయిపోగానే ఎక్కడో పాత రికార్డ్ ప్లేయర్ కొనుక్కుని, తాత దగ్గరికొచ్చి ఏడు రికార్డులు ఏరుకుంది. వాటిలో వీణ రికార్డు కూడా ఉండటం ఆయన చూశాడు. అది వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. అది చెప్పలేకే ఆయన ఊరుకున్నాడు. తర్వాత మనసు నిలవక ఆగస్టులో ఫోన్ చేసి, మిగతావి నీ ఇష్టం, ఆ వీణది మాత్రం వినడం అయిపోగానే ఇచ్చెయ్యమ్మా అని మరీ మరీ చెప్పాడు. సరే తాతా అంది. ఇవాళ ఎలాగూ భోజనానికి వస్తోంది, తెస్తుందిలే అని ధైర్యం చెప్పుకున్నాడు.

పదకొండింటికి కారు చప్పుడు వినగానే ఆయన గరాజ్ తలుపు తెరిచి ఎదురెళ్ళాడు. నిధి గుడ్డ సంచీ అందించింది. లోపల ఒక్కో రికార్డుకీ ఒక్కో ప్లాస్టిక్ తొడుగు, ఒక్కో తొడుగు మీద చిన్న కాగితం. కోతి, వరద, మంచు తుఫాను అని ఇంగ్లీషులో రాసి ఉంది. యాభై ఏళ్ళలో ఇంత శుభ్రంగా తిరిగొచ్చిన రికార్డులు ఆయన చూడలేదు. ముచ్చటపడుతూ లెక్కపెట్టాడు. ఆరున్నాయి.

"వీణది?"

"అది ఇచ్చేశాను కదా తాతా."

"ఎవరికి?"

"లైబ్రరీకి. పాత బుక్స్ సేల్ ఉంటుంది కదా, ఆ డొనేషన్ బాక్స్‌లో పెట్టా. మీరే కదా ఇచ్చెయ్ అన్నారు."

రాఘవులు సంచీని వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. "ఇచ్చెయ్ అంటే నాకు ఇచ్చెయ్ అని."

"నాకు అనలేదు మీరు."

"తీసుకున్నది ఎవరి దగ్గరో వాళ్ళకే కదమ్మా ఇచ్చెయ్యడం! ఊళ్ళోవాళ్ళకి ఇచ్చెయ్యడమేమిటి?"

"అమ్మ క్లాజెట్ క్లీన్ చేసినప్పుడు పాత బట్టలు చూపించి ఇవన్నీ ఇచ్చెయ్ అంటుంది. నేను డొనేట్ చేస్తా. సేమ్ వర్డ్ తాతా. నేనేం చెయ్యను?"

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మండింది ఆ పిల్ల మీదా, తన మీదా, రెండు పనులకీ ఒకే మాట పెట్టుకున్న భాష మీదా అన్నది తెలియలేదు. ఎదురుగా ఉన్నది పిల్ల.

"గోడకి మేకు కొట్టాడే, ఆ అనూప్ గాడు నయం. వాడు కనీసం ఇంట్లో పెట్టుకున్నాడు. కుండీ కింద పెట్టిందే, ఆవిడ నయం. పులిహోర చేతులవాడు నయం. వాళ్ళందరినీ తిట్టుకుంటూ, నా మనవరాలైతే జాగ్రత్తగా చూస్తుందని నీకిచ్చాను. నువ్వు దాన్ని చిత్తుకాగితాల్లో పారేసి వచ్చావు."

నిధి కళ్ళు నిండిపోయాయి. అయినా తల దించలేదు.

"పారెయ్యలేదు. నేను అడిగా తాతా. ఒక్కొక్కటి తీసి దీని స్టోరీ ఏంటి, దీని స్టోరీ ఏంటి అని అన్నీ అడిగా. ఇంటికెళ్ళి రాసుకున్నా కూడా. వీణది చూపిస్తే మీరు ఏమన్నారు? ఏమీ లేదు, పట్టుకుపో అన్నారు. అన్నిటికీ స్టోరీ ఉంది, దానికి లేదు. దాని మీద మీకు ఇష్టం లేదనుకున్నా. పైగా అదొక్కటే ఇచ్చెయ్ అని ఫోన్ చేశారు."

రాఘవులు గరాజ్‌లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళే తలుపు వైపు చూసి, ప్రసూన చెవి కోసం ఏడేళ్ళుగా పెంచిన గొంతునే అలవాటు కొద్దీ కొంచెం తగ్గించి మాట్లాడాడు.

"దానికీ కథ ఉంది. చెప్పుకునే కథ కాదు. ఆ రికార్డు మీద పేరు వీణ మాస్టారిది. తెనాలిలో మీ అమ్మమ్మకి వీణ నేర్పిన గురువు. ఆయన వెనక తంబూరా మీటింది పదిహేడేళ్ళ మీ అమ్మమ్మ. అట్ట మీద పేరు వెయ్యలేదు."

నిధి ఆయనకెదురుగా నేల మీద కూర్చుంది.

"మా పెళ్ళిచూపుల్లో అందరూ నన్ను జీతమెంత, ఇల్లెంత అని అడిగారు. మీ అమ్మమ్మ ఒక్కటే అడిగింది. అక్కడ వీణ దొరుకుతుందా అని. నా నోటి సంగతి నీకు తెలుసు కదా. దొరకడమేమిటి, ఒహాయోలో మా ఇంట్లో ఒకటుంది, నేను లేనప్పుడు పక్కింటి దొరసాని రోజూ గుడ్డతో తుడుస్తుంటుంది అన్నాను. అందరూ నవ్వారు. మీ అమ్మమ్మ నవ్వలేదు. నమ్మిందన్నమాట. తన వీణ చెల్లెలికిచ్చి వచ్చింది. టొలీడోలో దిగి అపార్ట్‌మెంట్ తలుపు తీస్తే, ఒక పరుపూ, రికార్డ్ ప్లేయరూ, తన గురువుదని నేను కొనిపెట్టిన ఈ రికార్డూ. మూడు గదులూ ఒకసారి చూసింది. వీణ ఏదని అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు. పదేళ్ళకి నాకు ధైర్యమొచ్చి, ఒకటి తెప్పిద్దామా అంటే, ఇప్పుడు వేళ్ళెక్కడ లొంగుతాయిలెండి అంది. ఆ ఒక్క కోత వల్ల ఆ మనిషి సంగీతం పోయింది. ఇంక దాని మీద ఏం కథ చెప్పమంటావు? ఇప్పుడా రికార్డు కూడా పోయింది. మీ అమ్మమ్మకి ఏమని చెప్పాలి?"

"ఇంకా ఏం చెబుతారు, అంతా చెప్పేశారుగా" అంది ప్రసూన తలుపు దగ్గర నుంచి.

రాఘవులు లేచి నిలబడ్డాడు. ఆమెకి వినిపిస్తుందన్న సంగతి ఆయన రెండు రోజులుగా మర్చిపోతూనే ఉన్నాడు.

"అమ్మమ్మా, ఐయామ్ సో సారీ" అంటూ నిధి ఫోన్ తీసింది. లైబ్రరీ వాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడింది. అట్ట మీద వీణ బొమ్మ ఉంటుంది, ఎర్ర రంగు అని బతిమాలుతున్నట్టు చెప్పింది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుంది. "లాస్ట్ మంత్ సేల్‌లో ఎవరో కొన్నారట. ఎవరో తెలియదట."

ప్రసూన రెండు మెట్లు దిగి వచ్చి మనవరాలి చెంపలు తుడిచింది. "నువ్వు ఏడవకు. నీది తప్పు కాదు. ఆ మాటకి రెండర్థాలున్నాయి, ఈయనకి ఒకటే తెలుసు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం కంటే విసుగు ఎక్కువగా ఉంది, యాభై ఏళ్ళ పాతది.

"నేను నమ్మి వచ్చాననుకున్నారా?"

"నవ్వలేదు కదా నువ్వు."

"నవ్వితే మా నాన్న కోప్పడతారని లోపల పళ్ళు బిగపట్టుకున్నాను. దొరసాని గుడ్డతో వీణ తుడుస్తోందట. చంటిపిల్లైనా నమ్ముతుందా? ఆ రాత్రే మా చెల్లెలికి చెప్పాను. ఇంత చక్కగా అబద్ధమాడే మనిషి పక్కనుంటే పరాయి దేశంలో పొద్దుపోతుందే అని. వీణ లేదని తెలిసే వచ్చాను. వీణే కావాలనుకుంటే తెనాలిలోనే ఉండేదాన్ని."

రాఘవులు కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చూపించకుండా మోసిన బరువుని ఈమె పిల్లల ఆటవస్తువులా తీసి పక్కన పెట్టేసింది.

"మరి అన్నేళ్ళు ముభావంగా..."

"అది వేరు" అంది. గొంతు మారింది. "ఆ రికార్డు పెట్టమంటే పెట్టేవారు. ముల్లు ఆనించగానే పనుందని గరాజ్‌లోకి పోయేవారు. ఒక్కసారి, ఒక్కసారి నా పక్కన కూర్చుని విన్నారా? ఊళ్ళోవాళ్ళ పాటలకి కథలు కట్టి, నా తంబూరా అంటే మాత్రం లేచిపోయేవారు. నేను మీటింది మీకు పడదేమో, చెప్పలేక పారిపోతున్నారేమో అనుకున్నాను. అందుకే వీణ వద్దన్నాను. వినేవాళ్ళు లేనిది ఎవరికోసం?"

"సిగ్గుతో పోయేవాణ్ణి ప్రసూనా."

"సిగ్గో, విసుగో, ఇంట్లో ఉన్నదానికి ఎలా తెలుస్తుంది? నాలుగూళ్ళకి సరిపడా మాట్లాడతారు, ఆ ఒక్క ముక్క చెప్పలేదు." ఆమె మెట్టు మీద కూర్చుంది. "ఇంతకీ ఇవాళ ఎందుకు వినాలనుకున్నానో తెలుసా? అందులో ఒకచోట నా వేలు జారింది. మాస్టారు కళ్ళెర్రజేశారు గానీ రికార్డింగ్ ఆపలేదు. అదలాగే అచ్చయిపోయింది. ఆ జారడం ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. మళ్ళీ ఒకసారి విని..."

"రెండో వైపు" అన్నాడు రాఘవులు.

ప్రసూన తలెత్తింది.

"రెండో వైపు, చివరి రాగం. మాస్టారు పైస్థాయికి వెళ్ళి అక్కడ ఆగుతారు. ఆయన ఆగాక నీ తంబూరా ఒక్కటే వినిపిస్తుంది. మూడు తీగలు పలుకుతాయి, నాలుగోది, అన్నిటికంటే కింది స్వరం, మంద్రం, ఒక్కసారి పడదు. ఆ తర్వాత కొంచెం తొందరపడి అందుకుంటావు."

ఆమె ఆయన వైపు పూర్తిగా తిరిగింది.

"మీకెలా తెలుసు?"

ఆయన గరాజ్‌కీ హాలుకీ మధ్య గోడ మీద అరచెయ్యి వేశాడు. "ఇది పలచనిది. టొలీడో ఇంట్లోది ఇంకా పలచన. చెవి ఆనిస్తే బాగానే వినపడుతుంది."

నిధి తాత వైపూ, గోడ వైపూ చూసి, మెల్లగా అమ్మమ్మని అడిగింది. "ఇది కూడా స్టోరీయా? లేక నిజమా?"

ప్రసూన చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మోకాలి మీద తంబూరా మీటుతున్నట్టు ఆమె నడివేలు ఒకసారి, చూపుడువేలు మూడుసార్లు కదిలాయి.

"నిజమే" అంది. "మంద్రమే."