చేపల తొట్టికి కొత్త అతుకు

“ఈ పని చేసిందెవరు?” అన్నాడు అక్వేరియం షాపతను, ఖాళీ చేపల తొట్టి మూలలో తెల్లగా ఉబ్బిన సిలికాన్ జిగురుని గోటితో గిల్లుతూ.

“నేనే,” అంది ఆ ఇంటి అమ్మాయి. ఆమె పళ్ల డాక్టరు.

“ఇది బాత్‌రూమ్‌కి వాడేది. బూజు పట్టకుండా మందు కలుపుతారు. ఇందులో చేపను వదిలి ఉంటే వారం తిరక్కుండా పోయేది.”

ఆమె పక్కనున్న బకెట్ వైపు చూసింది. అందులో ఒక ఎర్ర చేప తిరుగుతోంది. ఏడాది కిందట పోయిన తండ్రి తెచ్చిన చేపల్లో మిగిలింది అదొక్కటే. తల్లి ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది దానితోనే.

“ఏమనుకోకు బాబూ,” అంది తల్లి. “రోజూ జనం నోళ్లలో సిమెంటు పెట్టే చెయ్యి. కన్నం కనబడితే ఊరుకోలేదు.”

పాతదాని మీద కొత్తది అంటుకోదని, లోపలి అతుకులన్నీ గీకెయ్యాలని చెప్పి అతను బ్లేడు తీశాడు. పదకొండేళ్లుగా చేస్తున్న పని. కూతురు ఐదు నిమిషాలు ఓపిక పట్టింది.

“అలా నిలబెట్టి పట్టుకుంటే గాజు మీద గీత పడుతుంది.”

“పళ్లు వేరు, గాజు వేరు డాక్టరు గారూ.”

“పళ్లున్నవాళ్లు అరుస్తారు. అదొక్కటే తేడా.”

అతను బ్లేడు ఆమె చేతికిచ్చాడు. రెండు గంటల పని గంటలో అయింది. దానికి సంతోషించాలో వద్దో అతనికి తేలలేదు.

గాజు తుడిచి, అంచులకు టేపు వేశారు. కొత్త సిలికాన్ మీద పొర కట్టేలోపే వేలితో నున్నగా దిద్దాలి. అతను ట్యూబు నొక్కుతూ ముందు వెళ్తుంటే ఆమె వేలు వెనకే వచ్చింది. నాలుగో మూలలో ట్యూబు ఆగింది. వేలు ఆగలేదు, అతని చేతికి తగిలింది.

“ఆగారేం?” అంది, చెయ్యి వెనక్కి తీసుకుని.

“అయిపోయింది.”

“ట్యూబా?”

“పని,” అన్నాడు. ఆ మాట అతనికే నచ్చలేదు. “వారం ఆరనివ్వాలి.”

ఆ వారంలో ఆరిందో లేదో చూడ్డానికి మూడుసార్లు వచ్చాడు. ఎవరూ చూడకపోయినా సిలికాన్ ఆరుతుందని తల్లికి కూడా తెలుసు.

ఎనిమిదో రోజు తొట్టి నింపి, ఇనప స్టాండు కింద నేలంతా పాత పేపర్లు పరిచారు. మర్నాటికి అవి పొడిగా ఉంటే పని పూర్తయినట్టే. పూర్తయితే మళ్లీ ఆ ఇంటికి రావడానికి అతనికి కారణం ఉండదు. అలాగని తొట్టి కారాలని కోరుకోవడం చేసే పనికి ద్రోహం. అందుకని మర్నాడు దారి పొడుగునా ఏమీ కోరుకోకుండా నడిచాడు.

పేపరు తడిసి ఉంది.

అతను మోకాళ్ల మీద కూర్చుని నాలుగు మూలలూ తడిమాడు. అడుగు గాజంతా కింది నుంచి చేత్తో రుద్ది చూశాడు. పొడిగా ఉంది. మళ్లీ పేపరు చూశాడు. తడి సరిగ్గా నట్టనడుమ, అరచెయ్యంత.

“మధ్యలో అతుకు లేదు,” అన్నాడు మెల్లగా. “ఇక్కణ్ణుంచి కారదు.”

“తెలుసు,” అంది ఆమె. “మూలన నీళ్లు పోస్తే నిజమనుకుని మళ్లీ మొత్తం గీకేస్తారని మధ్యలో పోశాను.”

“అసలెందుకు పోశారు?”

“పని అయిపోయిందని వెళ్లిపోతారేమోనని.”

అతను నేల మీంచి లేవలేదు. “సిలికాన్ మూడు రోజుల్లో ఆరిపోతుంది,” అన్నాడు. “వారం అన్నది నేను.”

“మరి ఆ నాలుగు రోజులూ నా చేప ఎవరి కోసం బకెట్లో పడుంది?” అంది గుమ్మంలోంచి తల్లి. ఇద్దరూ తల వంచుకున్నారు. “ముందు దాన్ని తొట్లో వదలండి. తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి రండి. నువ్వు కూడా బాబూ.”

తల్లి లోపలికి వెళ్లింది. అల్మరాలో గిన్నెలు జరిపిన చప్పుడైంది.

“అమ్మగారు ఏం వెతుకుతున్నారు?” అన్నాడు అతను.

“మూడో కంచం. నాన్న పోయాక బయటికి తియ్యలేదు.”

అతను చేపను తొట్లోకి వదిలి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.