వెనక కిటికీ ఫ్యూజు

బళ్ళారి జిల్లా తెక్కలకోటలో సిరుగుప్ప రోడ్డు మీద ఉంది నా అంగడి. పదహారేళ్లుగా కార్లకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తున్నాను. రాత్రి బాగున్న కారు తెల్లారేసరికి కదలకపోతే చాలామంది కొత్త బ్యాటరీ అంటగట్టి పంపేస్తారు. నాకు అది చేతకాదు. నిలబడి ఉన్న కారులో కరెంటు ఎవరు తాగుతున్నారో పట్టుకునేదాకా అన్నం సయించదు. ఆ పిచ్చే నన్ను ఆ రోజు కారులో కూర్చోబెట్టింది.

పిచ్చయ్యన్నది ఆంధ్రా క్యాంపు, కాలువ కింద వరి పండించడానికి ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పల్లె. పాత కారు కొని మూడు నెలలు కాలేదు, అప్పటికే రెండు బ్యాటరీలు మార్చాడు. ఏప్రిల్ నెల ఆదివారం, మిట్టమధ్యాహ్నం, దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు.

"మా పద్మశ్రీకి నెలలు నిండాయయ్యా మౌనేష్. నొప్పులొస్తే బళ్ళారి తీసుకెళ్ళడానికి మాకిదొక్కటే బండి. ఆ టైముకి ఇది మొరాయిస్తే నా కూతురి గతేంటి?"

"దిగులు పడొద్దన్నా. దొంగ యాడున్నా ఈ పొద్దు పట్టిస్తా" అన్నాను, గొప్పగా.

బ్యాటరీ చార్జి చేసి, దానికి మీటరు తగిలించి, లోపలికి కనబడేలా ముందు అద్దం మీద పెట్టాను. ఫ్యూజులు స్టీరింగు కింద ఉంటాయి. తలుపు తెరిస్తే లైట్లు వెలిగి లెక్క తప్పుతుంది. అందుకని లోపల కూర్చుని, తలుపులు బిగించుకుని ఒక్కొక్కటే పీకాలి. ఈ కాలం కార్లకు ఇంకో రోగం కూడా ఉంది. తాళమో ఫోనో దగ్గర్లో ఉంటే బండి నిద్రపోదు. నా ఫోను అంగట్లో బల్ల మీద పెట్టేశాను.

"నేను లోపల కూచున్నాక లాక్ చేసి, తాళం తీసుకోని ఆ టీ అంగడి కాడ సుమ్నే, ఊరికే కూచో అన్నా. అర్ధగంట దాకా ఈ పక్కకు రావద్దు."

అతను వెళ్ళిపోయాడు. రోడ్డు మీద పురుగు లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇరవై నిమిషాలకు బండి నిద్రపోయింది, మీటరు దాదాపు సున్నాకు దిగింది. హమ్మయ్య అనుకునేలోపే ఎనిమిది ఆంపులకు ఎగిరింది. పడిపోయింది. మళ్ళీ ఎగిరింది.

ఒక్కొక్క ఫ్యూజే పీకి ఒళ్ళో వేసుకుంటూ పోయాను. రేడియోది, లైట్లది, హారనుది... తేడా లేదు. ఆఖరికి వెనక కిటికీలది, ఆకుపచ్చది, పీకాను. మీటరు కదలకుండా నిలబడిపోయింది.

దొరికాడు దొంగ! తొడ చరుచుకున్నాను. ఆ తర్వాతే ఒక సంగతి తట్టింది. తాళం లేకుండా కిటికీ మోటారు తిరగదు. అసలు దానికి కరెంటే వెళ్ళదు.

వెనక ఎడమ తలుపు దగ్గర చిన్న చప్పుడయింది. టిక్.

కిటికీ మీట నొక్కిన చప్పుడు.

టిక్... టిక్... టిక్ టిక్ టిక్...

ఇక చాలనుకుని నా పక్క తలుపు పిడి లాగాను. పిడి వచ్చింది, తలుపు రాలేదు. భుజంతో నెట్టాను. వేలెడు కదిలి, బయటి నుంచి ఏదో బరువు ఆనినట్టు మళ్ళీ మూసుకుంది. బయట చూస్తే ఎండ, దుమ్ము. ఎవరూ లేరు. లోపల మాత్రం కాలువ అడుగు బురద వాసన. అంత ఎండలోనూ అద్దాలకు ఆవిరి పట్టింది. అంగడి కనబడలేదు, రోడ్డు కనబడలేదు. హారను గుద్దాను. మోగలేదు. దాని ఫ్యూజు నా ఒళ్ళోనే ఉంది.

అప్పుడు సీటు వెనక నుంచి నా వీపుకు ఏదో తగిలింది. చిన్న మోకాలు. పక్కన ఇంకొకటి. అవి ఆగకుండా పొడుస్తున్నాయి...

"ఎవరప్పా?" అన్నాను.

మీట చప్పుడు ఆగలేదు.

వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఈ రోజు మీకు ఇది చెప్పేవాణ్ణి కాదు. వెనకున్నవాళ్ళకు కావలసింది ఆ కిటికీ దిగడమే అనిపించి ఒళ్ళో ఫ్యూజులు తడుముకున్నాను. ఎర్రది కాదు. పసుపుది కాదు. ఆకుపచ్చది... చెమటకు జారిపోయింది. కాళ్ళ కింద వెతికాను. ఊపిరి అందడం లేదు. దొరికింది. గుడ్డిగా దాని చోట్లో నొక్కేశాను.

వెనక అద్దం గర్రుమంటూ దిగింది. ఒక్కసారిగా చల్లటి నీళ్ళు నడుముదాకా, మెడదాకా... మరుక్షణం తలుపు తనంతట తానే వదిలేసింది. దుమ్ములో బోర్లా పడ్డాను. బట్టలు పొడిగానే ఉన్నాయి. నోట్లో మాత్రం బురద.

పిచ్చయ్యన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఈ కారు యాడిదన్నా? నిజం చెప్పు."

తల వంచుకున్నాడు. "కాలువలో పడిన బండి. పిల్లలతో సహా నలుగురు పోయారయ్యా. సీట్లన్నీ కొత్తవి వేయించాను. ఇంట్లో తెలిస్తే ఎక్కరని చెప్పలేదు."

"తీసుకుపోయి యాడన్నా పారేయ్."

"మా అమ్మాయి కాన్పు అయ్యేదాకా. ఆ తర్వాత తగలబెడతాను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. నాకూ ఒక కూతురుంది. వెనక అద్దాలు పైకెత్తి, ఇక బ్యాటరీ దిగిపోకుండా ఆ మోటార్ల వైర్లు కోసేశాను. ఎవరి దారి మూస్తున్నానో తెలిసే కోశాను. ఆ పాపం నాదే.

నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది.

"నొప్పులు మొదలయ్యాయి మౌనేష్! బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది. నీ చేతికి దండం పెట్టాలి. కానీ మా అమ్మాయే ఎక్కనని ఒకటే ఏడుపు. వెనక సీట్లో చోటు లేదంటోంది. ఖాళీగానే ఉంది కదయ్యా!"

"ఎక్కించొద్దన్నా! ఆటో పిలువు!" అరిచాను.

"ఎక్కించేశాలే. నొప్పుల్లో ఏదో అంటోంది, బయల్దేరిపోతున్నాం."

తలుపు మూసిన చప్పుడు వినబడింది. ఆ కిటికీలు ఇక దిగవు. అరుస్తూనే ఉన్నాను. పిచ్చయ్యన్న ఫోను పక్కన పడేసినట్టున్నాడు, పలకలేదు. పద్మశ్రీ ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె గొంతే, చాలా మెల్లగా...

"కొంచెం జరుగు పాపా."