బూడిద పెట్టెలో సైరన్

మనుబోలు హైవే పక్కన ఒక పంక్చర్ షాపు. దాని వెనక గదిలో గూఢచారి సంస్థ ఆఫీసు. చీఫ్ రంగనాయకులు బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ తీశాడు.

"ఇన్‌స్టలేషన్ పేజీ. తెల్లారి చూస్తే ఇట్లా పడుండాది."

ఏజెంట్ యాసీన్ ఆ ప్రింటౌట్ వైపు ఒక్క చూపు చూసి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మొసళ్ల గుంటలో వేలాడదీసినా నోరు విప్పని మనిషి. శత్రువుల జైల్లో పురుగుల సాంబారు మారడిగి పోయించుకున్న మనిషి. కానీ ఈ పేజీలో ఒక హెడింగ్ బోల్డు, దాని కిందిది ఇటాలిక్, ఆ కిందిదానికి అండర్‌లైన్. ఒక లైను ముందు ఖాళీ కోసం స్పేసులు, కింది లైను ముందు అదే ఖాళీకి ట్యాబ్. అతను తెల్లగుడ్డ మళ్లీ కప్పేశాడు.

చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు. సూళ్లూరుపేటలోని ఒక చిన్న కంపెనీ ఈ తీరంలోని పడవలన్నిటికీ తుఫాను సైరన్ సాఫ్ట్‌వేర్ పంపుతుంది. కోడ్ ముక్కలన్నీ కలిపి దాన్ని తయారుచేసేది ఒక బిల్డ్ టూల్. ఆ టూల్ వాడే పద్ధతి చెప్పే డాక్యుమెంటేషన్‌కు ఒకటే నియమం. బూడిదరంగు పెట్టెలోని కమాండ్ నడపాలి. ఎర్ర పెట్టెలోది చచ్చినా నడపకూడదు. ఇప్పుడొక విదేశీ ముఠా పేజీల్లో దూరి పెట్టెల రంగులు కలిపేస్తోంది. సముద్రంలో తుఫాను లేస్తోంది, పడవలన్నీ లోపలే ఉన్నాయి, కొత్త బిల్డ్ ఈ మధ్యాహ్నమే వెళ్లాలి.

ఇంత కష్టపడే బదులు ఆ ముఠా కంప్యూటర్లనే హ్యాక్ చేయొచ్చు కదా అని యాసీన్ అడిగాడు.

"దేనికబ్బా? ఆడ ఎవురూ కమాండ్ టైప్ చెయ్యరు. పెట్టెలోది కాపీ కొట్టి పేస్ట్ చేస్తారు. ఆ సంగతి వాళ్లకు తెలిసిపొయ్యింది."

యాసీన్ ఎండుచేపల వ్యాపారి వేషంలో సూళ్లూరుపేట స్టేషన్‌లో దిగాడు. గంప వాసనకు జనం దూరంగా జరిగారు. అతనికి మాత్రం హాయిగా ఉంది. కనీసం ఆ చేపలన్నీ తలలు ఒకే వైపు పెట్టుకుని ఉన్నాయి.

కంపెనీలో సంస్థ నాటిన ఏజెంట్ ఉషారాణి బెంచీ మీద కూర్చుని ఉంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పట్టుచీర. ప్లాట్‌ఫారం మొత్తం ఆమెనే చూస్తోంది.

"మీ కాడ నాలుగు స్పేసులుండాయా?" అన్నాడు యాసీన్.

"ట్యాబ్ ఒకటే ఉండాది," అంది ఆమె. రహస్య సంకేతం సరిపోయింది.

పేజీలన్నీ తానే సరిచేశానని, టీ తాగి తిరుగు రైలెక్కమని చెబుతూ ఆమె టాబ్లెట్ చూపించింది. యాసీన్ ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టుకున్నాడు. కంటికి కనపడని స్పేసుల్ని చుక్కలుగా, ట్యాబుల్ని బాణాలుగా చూపించే పరికరం. పేజీ నిండా చుక్కలూ బాణాలూ కలిసి లుకలుకలాడాయి. నడుమన, సైరన్‌ను పూర్తిగా తుడిచేసే కమాండ్ బూడిద పెట్టెలో తీరిగ్గా కూర్చుంది. చివరిగా మార్చినవారు: ఉషారాణి.

"ఆ ముఠాతో ఎందుకు కలిసినావక్కా?"

"అన్ని పేజీలూ ఒకే రకంగా ఉంటే బోరు కొడతాది."

డబ్బుకు అమ్ముడుపోయిన ద్రోహుల్ని యాసీన్ చాలామందిని చూశాడు. వాళ్లెవరూ అతన్ని పట్టాల మీద వాంతి చేసుకునేలా చేయలేదు. మూతి తుడుచుకుని, ఆమె చేతిని చేపల గంపకు బేడీతో బిగించి, టాబ్లెట్ లాక్కుని పరిగెత్తాడు.

కంపెనీలో ఇంజనీర్ పెంచలకృష్ణ ఆ కమాండ్ అప్పటికే పేస్ట్ చేసేశాడు. అతని తండ్రి గంగులయ్య సముద్రంలో పడవ మీద ఉన్నాడు. యాసీన్ పిస్తోలు తీసి పెంచలకృష్ణ కణతకు ఆనించాడు.

"ఎంటర్ కొట్టొద్దు. సైరన్ పోతాది. మీ నాయన తిరిగి రాడు."

పెంచలకృష్ణ జాలిగా చూశాడు. "బూడిద పెట్టెలో ఉండాదన్నా. నువ్వు చెప్పినావని డాక్యుమెంట్‌ను కాదంటానా?"

తాను పద్ధతైన మనిషినని, ఎంటర్‌కు ముందు పేజీని ఒకసారి రిఫ్రెష్ చేసి సరిచూసుకుంటానని కూడా చెప్పాడు. యాసీన్‌కు అర్థమైంది. ఈ మనిషి తూటాకు లొంగడు. పిస్తోలు కింద పెట్టి టాబ్లెట్ తెరిచాడు. పెట్టె రంగు ఎరుపుకు మార్చి సేవ్ నొక్కాడు. నెట్ చక్రం తిరుగుతూనే ఉంది. పెంచలకృష్ణ రిఫ్రెష్ కొట్టాడు. అతని వేలు ఎంటర్ మీదికి వచ్చింది.

పేజీలో ఆ పెట్టె ఎర్రగా తెరుచుకుంది. వేలు గాల్లోనే ఆగింది.

"చూసినావా, ఇది నడపగూడదంట," అన్నాడు పెంచలకృష్ణ యాసీన్‌ను మందలిస్తూ. కింది బూడిద పెట్టెలోది కాపీ కొట్టాడు. బిల్డ్ వెళ్లిపోయింది.

సాయంత్రం గంగులయ్య ఫోన్ చేశాడు. సైరన్ వినబడగానే పడవలన్నీ తిప్పేశారట, అందరూ ఒడ్డు చేరారట. కానీ అది ఇంకా మోగుతూనే ఉందట, వీధిలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారట, ఎట్లా ఆపాలో చెప్పమన్నాడు.

పెంచలకృష్ణ పేజీలన్నీ పైనుంచి కిందికి వెతికాడు.

"ఆ పేజీ ఇంకా రాయలేదు నాయనా," అన్నాడు. "రాసేదాకా చెవుల్లో దూది పెట్టుకోండి."