గ్రహణం చూడని గిన్నె

పాలవాడి సైకిల్ గంట వినపడే వేళకే రషీదా వసారాలో గాజుతొట్టి ముందు కూర్చుంది. తొట్టి అడుగున పరిచినవి అన్నకూతురు ముంతాజ్ గోళీలు. సబ్బవరం కాలవల్లోంచి తెచ్చిన ఈ చారల చేపలు వెలుగు రాగానే గుడ్లు పెడతాయి, పెట్టినవాటిని అవే తినేస్తాయి. గోళీల సందుల్లోకి జారినవే దక్కుతాయి. వాటిని రబ్బరు గొట్టంతో గిన్నెలోకి లాగి, యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోప్ కింద పెట్టడం రెండేళ్ళుగా ఆమె పొద్దుటి పని. పారదర్శకంగా ఉండే ఆ గుడ్లలో పిల్ల ఎలా తయారవుతుందో, ఎక్కడ వంకర పోతుందో కనిపెట్టడమే ఆమె చదువు. వన్‌టౌన్‌లో ఆ వీధివాళ్ళకి మాత్రం ఆమె చేపల రషీదాయే.

"ఫుప్పూ, నిన్నటి గుడ్డులో గుండె కొట్టుకుంటంది!" మేనత్త పక్కనుంచి మైక్రోస్కోప్‌లోకి తొంగి చూసి ముంతాజ్ చప్పట్లు కొట్టింది. ఏడేళ్ళ పిల్ల. చీలి పుట్టిన పై పెదవికి పెద్దాసుపత్రిలో కుట్లు వేశారు. మచ్చ మాత్రం మిగిలిపోయింది.

అంతలో రషీదా తల్లి జమాలున్నీసా వంటింట్లోంచి తాళంకప్ప పట్టుకొచ్చింది.

"షబానా, రేపు పొద్దున్నే గ్రహణమంట. తెల్లారకముందే గదిలో కూకో. తలుపుకి నానే తాళం ఏత్తాను. పోయినసారి సూసొచ్చి నా మనవరాలి మూతి ఇలాగ సేసింది సాల్దా?"

మూడో నెల కడుపుతో ఉన్న కోడలు షబానా తల వంచుకుని బియ్యం ఏరుతూనే ఉంది. ముంతాజ్ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుంది. అది చూసి రషీదా ప్రాణం విలవిల్లాడింది.

ఎనిమిదేళ్ళ కిందట, ఎనభైలో, సూర్యగ్రహణం రోజు మధ్యాహ్నం వీధులన్నీ ఖాళీ. అందరూ తలుపులు బిగించుకున్నారు. పదిహేనేళ్ళ రషీదాకి ఆగితేనా! పాత ఎక్స్‌రే ఫిల్మ్ పట్టుకుని, "ఒక్కసారి భాభీ, సూసొచ్చేద్దాం" అని, రెండో నెల గర్భిణి అయిన వదిన షబానాని చెయ్యి పట్టి డాబా మీదకి లాక్కెళ్ళింది. ముంతాజ్ పుట్టిన రోజు అమ్మీ నిలదీస్తే, "నానొక్కదాన్నే ఎక్కాను" అంది షబానా. తలుపు వెనక ఉన్న రషీదా నోరు మెదపలేదు. ఆ తరవాత కూడా మెదపలేదు.

"అమ్మీ, ఇటు రా. ఈ గిన్నె సూడు." రషీదా బీరువా అరలోంచి నల్లగుడ్డ కప్పిన గిన్నె తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. "ఈ గుడ్లన్నీ ఒకే తల్లివి. ఒకే నీళ్ళు. ఎండే తగలనీలేదు. అయినా ఇదిగో, రెండు వంకరగా వచ్చాయి. ఇవి ఏ గ్రహణం సూశాయి?"

"బాగుందే వరస! సేపలకీ మనుసులకీ పోలికేటే? దాని తప్పు దానిదే."

"దాని తప్పు కాదు. భాభీని డాబా మీదకి తీసుకెళ్ళింది నానే!"

జమాలున్నీసా అక్కడే చతికిలబడింది. "ఏటీ? ఇన్నేళ్ళూ నాచేత దాన్ని తిట్టిస్తా ఊరుకున్నావా? అయ్యో, ఎన్నెన్ని మాటలన్నానో!"

షబానా చేట పక్కన పెట్టి లేచింది.

"రషీదా, ఈ గిన్నె సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"సేపలు తెచ్చిన కొత్తలోనే."

"రెండేళ్ళయిందన్నమాట. ఆరోజు నీకు హాయిగా నిద్ర పట్టుంటాది."

నిజమే, పట్టింది. ముంతాజ్ పెదవి చీలింది తన వల్ల కాదని తెలిసిన ఆ రోజు రషీదా ఏళ్ళ తరవాత కంటినిండా నిద్రపోయింది. ఆ నెమ్మది అంతా తనొక్కతే దాచుకుంది. ఆనాడు డాబా మీదకి తీసుకెళ్ళినదానికన్నా ఇది ఎంత పెద్ద తప్పో ఇప్పుడు తెలిసొచ్చి ఆమెకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నాకు ఇప్పటికీ పట్టట్లేదు" అంది షబానా. "దాని మొకం కడిగినప్పుడల్లా నా సేత్తోనే సీల్సినట్టుంటాది. అప్పుడు నన్నెనకేసుకు రాలేదు, పోనీలే, సిన్నపిల్లవి. తెలిశాకైనా ఒక్క మాట సెప్పలేకపోయావా?"

"అది సెప్తే నిన్ను తీసుకెళ్ళిన సంగతీ సెప్పాలిగా, భాభీ. భయపడ్డాను. నన్ను క్షమించు" అంటూ రషీదా బావురుమంది.

పెద్దవాళ్ళ ఏడుపు పట్టని ముంతాజ్ ఈలోగా మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించింది.

"ఫుప్పూ, ఈ వంకర సేప వాళ్ళమ్మ ఏటి సేసింది?"

రషీదా కళ్ళు తుడుచుకుంది. "ఏటీ సెయ్యలేదమ్మా. ఏటీ సెయ్యకపోయినా ఒక్కోసారి అలా అవుతాది."

షబానా వచ్చి కూతుర్ని పక్కకి జరిపి వంగి చూసింది. గిన్నెలో ఆ చిన్న ప్రాణం వంకరగానే మెదులుతోంది. దాని గుండె ఆగకుండా కొట్టుకుంటోంది.

"మళ్ళీ సెప్పు" అంది కన్ను తియ్యకుండానే.

"వాళ్ళమ్మ ఏటీ సెయ్యలేదు భాభీ."

"మళ్ళీ."

రషీదా నోరు తెరిచేలోపే జమాలున్నీసా లేచింది. తాళంకప్ప నేల మీదే వదిలేసి, వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"నువ్వేటీ సెయ్యలేదు, తల్లీ" అంది అత్త. "నువ్వేటీ సెయ్యలేదు."

ఎన్ని తిట్లు పడ్డా ఇన్నేళ్ళలో ఎవరి ఎదుటా కంటతడి పెట్టని షబానా ఆ మాటకి వెక్కి వెక్కి ఏడ్చింది.