ఎంగిలి ఎరుపు

భద్రావతి నాలుగో వడపోత పడకను తిరగేసి కడుగుతోంది. అడుగు నుంచి నీళ్ళు ఎగదన్నగానే చింతగింజల బొగ్గు ఉడుకుతున్న అన్నంలా పొంగి, మెల్లగా దిగింది. గొట్టం చివర దోసిలి పట్టింది. తేటగానే ఉన్నాయి. అయినా ఆమె చూపు పక్కనున్న ఐదో పడక మీదికే పోయింది. అది తోడికోడలు శివలీలది.

అద్దకపు తొట్లు వదిలిన నీళ్ళే ఈ పడకల్లో రంగు పోగొట్టుకుని పేట తాగునీటి తొట్టికి చేరతాయి. పేటకు వేరే నీళ్ళు లేవు. ఏ రంగు ఏ పడకకో పంపకి అనే యంత్రం చెబుతుంది. బయటికొచ్చిన నీటి తేటను దాని కన్ను, చూపుగాజు, చూసి పలక మీద పేర్లకు వరస వేస్తుంది. నెలాఖరుకు చివరి వరసలో ఉన్న పడక కొలిమికి, దాన్ని సాకిన మనిషి పొట్టు దిబ్బ మీద కూలికి.

"కొత్త ఎరుపు ఐదో పడకకు," అంది పంపకి.

భద్రావతి గొట్టాన్ని విసురుగా కింద పెట్టింది. బొగ్గు జల్లించడం శివలీలకు నేర్పింది తనే.

శివలీల కొంగు దోపుకుంటూ నవ్వింది. "ఏందక్కా అట్టా చూస్తన్నావ్? నా పడకకి దిష్టి తగిలిద్ది."

"తగిలితే గుమ్మడికాయ కట్టుకోవే."

నెలల తరబడి అలా చూడబట్టే, చూపుగాజుకు తెలియనిది భద్రావతికి తెలుసు. పైవరస కోసం శివలీల అందరూ వద్దన్న నీలాన్ని కూడా తన పడకకు పట్టించింది. ఐదో పడక ఆ నీలంతో అంచుదాకా నిండింది. కొత్త ఎరుపుకు బొగ్గంటే మరీ ఇష్టం. అది చేరిన చోటల్లా పాత నీలాన్ని నెట్టేస్తుంది. ఆ నీలం తాగితే కడుపులో పుండ్లు పడతాయి.

ఊరుకుంటే చాలు. ఐదో పడక కొలిమికి పోతుంది. ఆ ఆలోచన నాలుక మీద బెల్లంలా కరిగింది. తొట్టి దగ్గర మాత్రం అప్పటికే బిందెలు బారు తీరి ఉన్నాయి.

బిందెలు చూసి కదిలింది నిజమే. కానీ అంత చిక్కటి ఎరుపు తనను దాటి శివలీల దగ్గరికి పోవడం, అదీ ఓర్చుకోలేకపోయింది. రెండు పడకల మధ్య ఉన్న కడుగు గొట్టాన్ని తెరిచి, ఎవరూ ముట్టని చేతిచక్రాన్ని రెండు చేతులతో తిప్పింది. ఎరుపు నాలుగో పడకలోకి దూకింది. అక్కడ వడకట్టిన నీరు ఐదో పడకలోకి మళ్ళింది.

శివలీల పరుగెత్తుకొచ్చింది. "నా రంగు లాక్కుంటావా? ఓర్వలేవు కదా!"

"ఓర్వలేను. నీ పడక నీలంతో గొంతుదాకా ఉంది. ఎరుపు పడితే కక్కుద్ది. ముందు నేను పట్టుకుంటా, మిగిలింది నీకు."

"అంటే నాకు నీ ఎంగిలా?"

"ఎంగిలే. తీసుకో."

శివలీల చెయ్యి చక్రం మీద పడింది. తన పడక వంకా, బిందెల వంకా చూసింది. చెయ్యి తీసేసింది.

చూపుగాజు ముందు నీరు గాలిలా తేటగా జారింది. అంత తేటనీరు అంతవరకూ ఏ ఒక్క పడకా ఇవ్వలేదు.

"ఈ నీరు ఎవరిది?" అడిగింది పంపకి.

"నాది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఒక్క పేరు చెప్పండి."

ఇద్దరూ ఒకరినొకరు కొరకొరా చూసుకున్నారు గానీ ఎవరూ తగ్గలేదు. ఎవరి నీరో తేలకపోతే వరస వేయడం పంపకి వల్ల కాలేదు. వరసల పలక మీద మొదట వాళ్ళిద్దరి పేర్లు చెరిగిపోయాయి. తర్వాత ఒకటొకటిగా అందరివీ. కొలిమికి పంపడానికి చివరి వరసంటూ మిగల్లేదు.