చీకటి గదిలో రాడ్ బేరం

"రాడ్ అమ్ముతున్నది మీ వదిన," అన్నాడు చీఫ్, ఫొటో బల్ల మీదికి తోస్తూ.

ఏజెంట్ ఫొటో చూశాడు. అన్నయ్య పోయిన రోజు నుంచి అతని మనసుకి ఏ వార్తా అంటడం లేదు. "మీ టీ చల్లారిపోతోంది సార్," అన్నాడు.

"మన జీతం తీసుకుంటూనే శత్రుదేశం జీతమూ తీసుకుంటోంది. కవచాల కోసం చేసిన కొత్త లోహం అది. సరిహద్దు దాటిందా, మన కవచం దేనికి పగులుతుందో అవతలివాడికి తెలిసిపోతుంది. కళ్ళ పరీక్షకొచ్చిన ముసలాడి వేషంలో కొనేవాణ్ణి పరిశోధనశాల గేటు దగ్గరే ఎత్తేశాం. వాడి కుర్చీలో నువ్వు కూర్చోవాలి." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "కష్టమనుకుంటే ఇంకొకణ్ణి పంపిస్తా. ఇంట్లో పాప ఉంది కదా."

ఉంది. అన్నయ్య కూతురు. వదిన జైలుకెళ్తే దానికి బాబాయి తప్ప దిక్కులేదు.

"నేనే వెళ్తాను."

పరిశోధనశాలలో రెండు గదులు పక్కపక్కనే. ఒకదాంట్లో ఒత్తిడి గాలితో నడిచే గ్యాస్ గన్‌తో స్టీల్ బార్‌ని పేల్చి, లోహపు రాడ్లని గుద్దించి, అవెలా నలుగుతాయో హైస్పీడ్ కెమెరాతో తీస్తారు. వదిన అక్కడ ఇంజినీరు. ఆ నూనె మరకల మధ్య కూడా సినిమా తారలా మెరిసిపోతుందని పేరు. రెండోది చీకట్లో చూపు మీద పరిశోధన చేసే కళ్ళ డాక్టరమ్మ చీకటి గది. కెమెరాలు లేని చోటు అదొక్కటే కాబట్టి బేరం అక్కడ పెట్టుకున్నారు.

నెరిసిన విగ్గు, అంటించిన మీసం, చేతికర్రతో ఏజెంట్ కుర్చీలో కూలబడ్డాడు.

"తాతగారూ, కంట్లో రాడ్ కణాలని ఉంటాయి. చీకట్లో చూపు వాటిదే," అంది డాక్టరమ్మ. "గట్టి వెలుగు పడితే మొద్దుబారిపోతాయి. తేరుకోడానికి అరగంట పడుతుంది. కదలకుండా కూర్చోండి."

"మొద్దుబారడం నాకలవాటేనమ్మా."

ఆవిడ నవ్వి, లైటార్పి, బయటికి వెళ్ళింది. చాలాసేపటికి చీకట్లోంచి తలుపు గొళ్ళెం, గోడ అంచు మెల్లగా తేలాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. పక్క గది ఫ్లడ్‌లైట్ల కింద నుంచి వచ్చిన వదిన ఏమీ కనిపించక గోడ తడుముకుంటోంది.

"ఫ్యాన్ తిరగట్లేదా?" అంది. కోడ్ వర్డ్.

"తిరిగితే చలేస్తుంది."

వేలంత రాడ్ అతని అరచేతిలో పడింది. ఆ గొంతు గుర్తుపట్టి ఆమె ఆగిపోయింది.

"నువ్వా?"

"నేనే వదినా. బయట మనవాళ్ళున్నారు."

"పాప మొహం చూసైనా వదిలెయ్."

"చూసే వచ్చాను."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. కెమెరాల గదిలో పనిచేసే మనిషి అక్కడ ఏం దాచుకుంటుందో అతనికి తెలుసు. ఎడమ కన్ను గట్టిగా మూసుకున్నాడు. ఫ్లాష్ పేలి గదంతా తెల్లబడింది. ఆమెకి గురి దొరికింది, అతని కుడి కంటికి చూపు పోయింది.

"క్షమించు," అంది వదిన.

అతను ఎడమ కన్ను తెరిచాడు. పిస్టల్ గొట్టం సరిగ్గా ఛాతీ ఎదురుగా ఉంది. చేతికర్రతో మణికట్టు మీద కొట్టాడు. గుండు గోడలో దిగింది. ఆమె నేలమీద కూర్చుని పాప పేరు పిలుస్తూ ఏడ్చింది. తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినవాళ్ళు ఆమెకి బేడీలు వేశారు.

డాక్టరమ్మ టార్చితో పరిగెత్తుకొచ్చింది. విగ్గు జారిన తాతగారి కళ్ళు రెండూ పరీక్షించి నొసలు చిట్లించింది.

"ఫ్లాష్ పడింది కుడి కంట్లో కదా? మూసుకున్న ఎడమ కంట్లో నీళ్ళేంటండీ?"

"కొత్త విషయం డాక్టరుగారూ, మీ పరిశోధనలో రాసుకోండి," అన్నాడు ఏజెంట్. పాప బడి వదిలే వేళయిందని లేచాడు.